ఆటబొమ్మల మోత — అధికారపు మేర

గుత్తి కోట క్రింది బజారులో వేరుసెనగ చేతికందిన యేట దీపావళి ఒక తీరు, వాన మొగము చాటుచేసిన యేట మరియొక తీరు. అయినను కరవు కాలమున సైతము బిడ్డ చేతిలో ఒక బొమ్మ తుపాకియు నాలుగు రీళ్లును పెట్టని తండ్రి అరుదు. పెద్ద టపాకాయలు కొనలేని యింటికి అదియే పండుగ. ఆ చిన్న వస్తువుమీద ఎన్ని చట్టముల చేతులున్నవో, వానిలో ఏ చేయి బిడ్డ చెవిదాక చేరగలదో విచారింపదగి యున్నది.

2020 ఫిబ్రవరి 25న కేంద్రప్రభుత్వము ఆటబొమ్మల నాణ్యతా నియంత్రణపు ఉత్తరువును వెలువరించినది. అది 2021 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. 2016 నాటి భారతీయ ప్రమాణముల సంస్థ చట్టములోని 16వ సెక్షను దానికి ఆధారము. 14 ఏండ్ల లోపు పిల్లల ఆటకై ఉద్దేశించిన ప్రతి వస్తువుమీదను ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండితీరవలెను. ఆ ముద్రకు ప్రాతిపదికయైన ఐ.ఎస్. 9873 ప్రమాణమున రంగులలోని సీసమునకును, పదునైన అంచులకును వలెనే ధ్వనికిని హద్దు కలదు. చెవికి ఆనించుకొని ఆడు బొమ్మకు ఆ హద్దు మరింత బిగువు. కాగితముమీద ఇంతకంటె కోరదగినది లేదు.

చిక్కు అంతయు తుపాకిలోనే ఉన్నది. తుపాకి ఆటబొమ్మ, మోత రీలుది. రీలులోని మందు 1884 నాటి పేలుడు పదార్థముల చట్టమునకు లోబడినది. ముద్ర వేయువారు ఒక రీలుతో పరీక్షించి సరియన్న తుపాకికే బిడ్డ ప్రక్క అంగడిలో వేరొక రీలు కొని తొడిగినచో ముద్ర ఏమి చేయగలదు? పోనీ, దీనిని టపాకాయగానే ఎంచుదమన్నను చిక్కు తీరదు. 1999లో పర్యావరణ నియమముల క్రింద టపాకాయల మోతకు ఏర్పరచిన హద్దు, పేలిన చోటినుండి 4 మీటర్ల దూరమున 125 డెసిబెళ్లు, లేదా తృటికాలపు శిఖరధ్వనిని కొలిచినచో 145. బిడ్డ చెవికిని బిళ్ళకును మధ్య అర మీటరైనను ఉండదు. దూరము సగమైనప్పుడెల్ల ధ్వని సుమారు 6 డెసిబెళ్లు హెచ్చును. 4 మీటర్లు అర మీటరగుటకు మూడు సగములు, అనగా 18 డెసిబెళ్లు. ఆ కాగితపు బిళ్ళ నిజముగా అంత మోత చేయదు, నిజమే. కాని ఆ కొలబద్ద వీధిని పోవువాని కొరకు చేసినది, తుపాకి పట్టినవాని కొరకు కాదు.

అమెరికాలో ఈ బిళ్ళకే ప్రత్యేకముగా హద్దు పెట్టిరి. శిఖరధ్వని 138 డెసిబెళ్లు దాటినది అప్పుడు నిషిద్ధముగా ఉండినది. 158 వరకు కొన్ని షరతులతో సడలింపు ఇచ్చి, చెవికి అడుగు దూరము లోపల పేల్చరాదనియు, ఇంటిలోపల వాడరాదనియు పెట్టెమీద అచ్చువేయుమనిరి. సడలింపు ఉదారమే యనవచ్చును. కాని అడుగు అన్న మాట చెవిని తలచి వ్రాసినది.

మన 2000 నాటి శబ్దకాలుష్య నియమములు మరియొక త్రోవ. వానిలో నివాస ప్రాంతమునకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల ప్రమాణము ఉన్నది. ఆ మేరను 10 డెసిబెళ్లు మించినప్పుడు పౌరుడు ఫిర్యాదు చేయవచ్చును. వినవలసినవారు కలెక్టరు గాని, డి.ఎస్.పి. స్థాయికి తగ్గని నియుక్తాధికారి గాని. మనుమడి పీపీ మోతకు తాత డి.ఎస్.పి.కి అర్జీ పెట్టుకొనునా? ఆ నియమములు పొరుగువాని నిద్రను కాచును, మోత చేయు బిడ్డ చెవిని కాదు. లోచెవిలో ధ్వనిని పట్టు సన్నని రోమకణములు ఒకసారి నశించినచో మరల మొలవవు. ఆ నష్టమునకు ఫిర్యాది లేడు.

ఇక శిక్ష సంగతి. ముద్రలేని సరకును చేయుటయే గాక అమ్ముటయు, అమ్మకమునకు పెట్టుటయు 17వ సెక్షను క్రింద నేరము. తొలి తప్పునకు రెండేండ్ల వరకు జైలు, లేదా రెండు లక్షలకు తగ్గని జుల్మానా, లేదా రెండును అని 2016 చట్టము విధించినది. కసాపురము ఆంజనేయస్వామి సన్నిధిని బూరలు, ఈలలు అమ్ముకొనువాని సరకంతయు ఎన్ని వేలు చేయును? ఇంతటి శిక్షను వానిమీద ప్రయోగింప ఏ అధికారికిని చేయి రాదు, రాకుండుటయే మేలు. మోయలేని చట్టము మూలకు చేరును, దానితోపాటు దిగుమతి చేసిన టోకు వర్తకుడును తప్పించుకొనును. వేట వాకిట కాక వానివద్దను, కార్ఖానా వద్దను జరుగవలసి యున్నది.

హస్తకళల కమీషనరు వద్ద నమోదైన పనివారికి ఈ ఉత్తరువునుండి మినహాయింపు ఇచ్చిరి. భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకు, అనగా కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలవంటి వానికి, హక్కుదారులు చేసినచో అట్టిదే కలదు. న్యాయమే. కాని ఏ పట్టికలోను పేరులేక, కొయ్య గిలకలు తరిచి సంతలో అమ్ముకొను వడ్రంగికి మాత్రము ఆ రక్షణ లేదు.

హెచ్చరిక అచ్చువేసినంతమాత్రమున చాలదు. పొట్లపు వస్తువులమీది వివరములు దేవనాగరి హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉండవలెనని 2011 నాటి తూనికలు, కొలతల నియమములు చెప్పుచున్నవి. వేరొక భాషను చేర్చుకొనుటకు అడ్డు లేదు, చేర్చవలెనను విధియు లేదు. గుత్తిలో రీళ్ల పెట్టె విప్పు తల్లికి చెవికెంత దూరమో తెలుగులో తెలుపుటకు అడ్డమేమియు లేదు. అట్లు తెలుపుమని తయారీదారును ఆజ్ఞాపించు వాక్యమే ఆ నియమములలో లేదు.