తలుపులు మూసికొన్న సలహాసంఘములు

కొల్లేటి గట్టున ఏ జాలరి నడిగినను ఐదవ కాంటూరు ఎందాక వచ్చునో వ్రేలు చాచి చూపును. ఆ గీత యాతనికి సమ్మతము కాకపోవచ్చును. 1999లో సరస్సును అభయారణ్యముగా ప్రకటించిన నాటినుండి దానినిగూర్చి తగవు తెగలేదు. 2006లో చేపల చెరువుల గట్లను ప్రేల్చిరి. గీతను మూడవ కాంటూరునకు దింపవలెనని 2008లో శాసనసభ తీర్మానించెను. దింపరాదని కేంద్రము నియమించిన అజీజ్ కమిటీ 2011లో చెప్పెను. ఎవరి వాదము మేలైనదో అది వేరు మాట. సలహా చెప్పినవా రెవరో తెలిసినది, చెప్పిన సలహా యేమో తెలిసినది. కనుక సమ్మతింపనివాడు ఎదుట నిలిచి వాదింపగలిగెను.

అదే జాలరి జేబులో నేడొక సెల్ ఫోను కలదు. చేపల ధర దానిలో వచ్చును. ఐసు సొమ్ము దానినుండి పోవును. తుపాను హెచ్చరిక దానిలోనే మ్రోగును. ఆ ఫోనుపై గీచిన గీత యెక్కడ నున్నది? గీచినవా రెవరు? ఎవరి సలహాపై గీచిరి? పఠనాలయమున ఈ పత్రికను విప్పిన మహాశయులలో ఎందరు బదులు చెప్పగలరు? సరస్సునకు హద్దు కనబడుచున్నది. వార్తావాహినికి హద్దు కనబడుట లేదు. ఈ వారము మేము విన్నవింపదలచిన దిదియే.

తంతివార్తలను ఆపుటకును, విప్పి చూచుటకును సర్కారునకు గల యధికారమును పరపాలకులు 1885లో చట్టముగా కట్టిరి. పరపాలన పోయినది, ఆ చట్టము పోలేదు. స్వతంత్ర భారతమున డెబ్బదియేండ్లకు పైగా అది బ్రదికెను. తుదకు 2023లో టెలికమ్యూనికేషన్సు చట్టము వచ్చినది. పేరు మారినది గాని, పాత యధికారము ఇరువదవ సెక్షనున పీట వేసికొని కూర్చున్నది. దుర్వినియోగము కాకుండ సమీక్షాసంఘ మున్నది గదా యని ప్రభుత్వమువారు సమాధానము చెప్పుదురు. ఉన్నది, కాదనము. కాని యందెవరు? కేంద్రమున క్యాబినెట్ కార్యదర్శి, న్యాయవ్యవహారముల కార్యదర్శి, టెలికం కార్యదర్శి. రాష్ట్రమున ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, మరియొక కార్యదర్శి. ఇంటర్నెట్టు నాపుమని యుత్తరువు చేయునది హోం కార్యదర్శి. ఆ యుత్తరువు తగునా తగదా యని విచారించునది ఆయన సహోద్యోగులు. ఏలూరు కోర్టులో ఏ చిన్న వ్యాజ్యెమునందైనను వాది తమ్ముడు న్యాయాధిపతి పీఠమున కూర్చున్నచో ప్రతివాది యూరకుండునా? ఏ వకీలైన నోరు మూసికొనునా?

ఇది పుస్తకములలోని తగవు కాదు. మన గోదావరి పాయల నడుమ జరిగిన సంగతి. 2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురమున అల్లరులు చెలరేగెను, ఇండ్లు దగ్ధమయ్యెను. ఆ రాత్రి శాంతిని నిలుపవలసిన భారము ప్రభుత్వముపై నుండె ననుటలో మాకు సందేహము లేదు. కాని తరువాత కోనసీమ యంతటను ఇంటర్నెట్టు అనేక దినములు నిలిచిపోయెను. నిప్పు పెట్టినవా డొకడు. అంగడిలో సొమ్ము చెల్లింపలేక నిలిచినవాడు మరియొకడు. ఇంటినుండి యుద్యోగము చేయువారు పని వెదకికొనుచు పొరుగూళ్ళకు పోవలసివచ్చెను. ఎన్ని దినములు చాలును, ఎంత ప్రదేశము చాలును అను ప్రశ్నలను కార్యదర్శుల నడుమ ఒక్క బయటివాడు కూర్చుండి అడిగియుండినచో ఉత్తరువు కొంత కుదించుకొనకపోవునా?

అట్టి యుత్తరువులను ప్రకటింపక దాచుట తగదనియు, అవధిలేక ఇంటర్నెట్టు నాపుట చెల్లదనియు సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనూరాధా భాసిన్ కేసునందు చెప్పెను. విశ్రాంత న్యాయమూర్తులను, ప్రజాప్రతినిధులను, ప్రముఖ పౌరులను సమీక్షాసంఘమున జేర్చుడని పార్లమెంటు స్థాయీసంఘము 2021 డిసెంబరులో సలహా యిచ్చెను. ఎన్ని మారు లెక్కడ ఇంటర్నెట్టు నాపిరో కేంద్రమున లెక్కయైనను లేదని యదే సంఘము ఆక్షేపించెను. 2024 నవంబరులో నూతన నియమములు వెలువడినవి. సంఘమున మరల ఆ ముగ్గురు కార్యదర్శులే! ప్రజ లెన్నుకొన్న సభ యిచ్చిన సలహాను త్రోసిపుచ్చి, సలహా యనగా తమలో తాము మాటాడుకొనుట యని యధికారులు నిర్ణయించిరి.

ఇక కంప్యూటరు రక్షణ మాట. 2020 డిసెంబరులో మన ఏలూరు వీధులలో జనులు మూర్ఛలు వచ్చి కూలిపోయిరి. ఆరువందలకు మించి యాసుపత్రి పాలైరి. ఢిల్లీ ఎయిమ్సు, హైదరాబాదు పోషకాహార సంస్థ మున్నగువాని నిపుణులు వచ్చి నెత్తురు, నీరు, కూరగాయలు పరీక్షించిరి. ఒకరు సీస మనిరి, నికె లనిరి. మరియొకరు పురుగుమం దనిరి. మాటలు పొసగకున్నను మన చెవిని పడెను; ప్రశ్నించుటకు మనకు ఆధారము దొరకెను. మన పేరు, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా దొంగలపాలైన దినమున మనకు చెప్పువా రెవరు? 2018 ఏప్రిలులో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటునందు లక్షకు మించిన లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, కులము, మతము, ఖాతా వివరములు ఎల్లరకు కనబడుచున్నవని బయలుపెట్టినది ఏ సలహాసంఘమును కాదు. స్వతంత్రముగ పనిచేయు ఒక పరిశోధకుడు.

ఇట్టి విపత్తులకై కేంద్రమున సెర్ట్-ఇన్ అను సంస్థ 2004 నుండి కలదు. చొరబాటు తెలిసిన ఆరుగంటలలో తనకు నివేదింపవలెనని 2022 ఏప్రిలులో అది యాజ్ఞాపించెను. మంచిదే. కాని 2023 నవంబరులో ఆ సంస్థను సమాచారహక్కు చట్టపు పరిధినుండి తొలగించిరి. ఇల్లు దోచబడినవాడు ఠాణాకు తెలుపవలెనట. ఠాణావారు మాత్రము ఊరికి తెలుపనక్కరలేదట! వివరములు పోయినచో పౌరునకు తెలుపవలెనని 2025 నవంబరునాటి నియమములు చెప్పుచున్నవి గాని, ఆ నియమము అమలునకు పదునెనిమిది మాసముల గడువు పెట్టిరి. సైబర్ రక్షణకు 2013లో ఒక విధానము ప్రకటించిరి. దాని స్థానమున నూతన వ్యూహమునకై 2020 నాటికి అభిప్రాయములు సేకరించిరి; ఐదేండ్లు గడచినను ఆ వ్యూహము వెలుగు చూడలేదు.

ఇందుకు ఫలమేమి? 2025 నవంబరు 28న టెలికం శాఖవారు, కొత్తగా అమ్ముడుపోవు ప్రతి ఫోనునందును సంచార్ సాథీ యను ప్రభుత్వపు యాప్‌ను ముందుగనే యెక్కింపవలెనని తయారీదారుల కుత్తరువు చేసిరి. సంగతి పొక్కెను; దేశము మొరపెట్టెను; డిసెంబరు 3న నిర్బంధమును తొలగించిరి. ఐదు దినములలో వెనుకకు తీసికొనవలసిన యుత్తరువునకు ముందుగా ఐదుగురు పౌరుల నడిగిన నష్టమేమి? అడిగినప్పు డేమి జరుగునో మన కనుభవమే. 2015లో టెలికం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ బహిరంగముగ అభిప్రాయము లడుగగా పదిలక్షలకు మించిన లేఖలు పోయెను. 2016 ఫిబ్రవరిలో ఆ సంస్థయే, ఒక వెబ్‌సైటునకు ఒక ధర, మరియొక వెబ్‌సైటునకు మరియొక ధర పెట్టరాదని శాసించెను. దేశ మేమియు మునిగిపోలేదు.

“శత్రువు పొంచియుండగా రక్షణ రహస్యములు వీధిలో చాటుదురా?” యని ప్రతిపక్షులు గద్దింతురు. తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధమునాటి విమానాశ్రయపు దారి నేటికిని కనబడును. విమానము లెన్ని, ఎప్పుడు లేచును అనునవి రహస్యములు. ఎవరి పొలము పోయినది, పరిహార మెంత అనునవి రహస్యములు కానేరవు. మేము తాళపుచెవి నడుగుట లేదు. ఇంటికి తలుపు లెన్ని పెట్టవలెనో మాతో చెప్పి పెట్టుడనుచున్నాము. జాతీయ భద్రతా సలహామండలి 1999 ఆగస్టున అణ్వస్త్ర సిద్ధాంతపు ముసాయిదానే దేశము ముందుంచినది గదా! అణుబాంబునుగూర్చి యిచ్చిన సలహా ప్రజలు చదువవచ్చును గాని, సెల్ ఫోనునుగూర్చి యిచ్చిన సలహా చదువరాదా?

రహస్యమే రక్షణ యనువారు 2024లో అమెరికాలో జరిగినది తెలిసికొందురు గాక. చైనా ప్రభుత్వముతో సంబంధము గలవారని అమెరికా ఆరోపించిన చొరబాటుదారులు, అచటి టెలిఫోను కంపెనీలలో దూరి, పోలీసులు న్యాయస్థానపు టుత్తరువుతో మాటలు వినుటకై యేర్పరచిన వ్యవస్థలను సైతము తాకిరి. కాపలావానికై పెట్టిన దొడ్డిదారి దొంగకును దారియైనది. ఆ దేశమున సలహాసంఘముల సమావేశములు సామాన్యముగ బహిరంగముగ జరుగవలెనని 1972 నుండి చట్ట మున్నది. 2022లో నేర్పడిన సైబర్ రక్షణ సమీక్షామండలి, మైక్రోసాఫ్టు వంటి మహాసంస్థ లోపములనే 2024లో ప్రకటించినది. ఆ మండలి సభ్యులు పైచొరబాటును విచారించుచుండగానే 2025 జనవరిలో ప్రభుత్వము వారి నందరిని తొలగించెను. బహిరంగమైన సలహా మేలుచేయును. కాని ఏలికల దయపై బ్రదుకు సలహాసంఘము ఒక్క సంతకముతో చచ్చును. ఈ రెండు పాఠములును మనకు కావలసినవే.

ఇటీవల మా యొద్దకు కొల్లేటి తీరమునుండి ఒక చేపల వర్తకుడు వచ్చెను. ఎచ్చటనో ఒక మోసగాడు కాజేసిన సొమ్ములో స్వల్పభాగము చేతులు మారి చేపల వెలగా ఇతని ఖాతాలో పడినదట. పరరాష్ట్రపు పోలీసుల యుత్తరువుపై ఖాతా యంతయు స్తంభించెను. లారీ కెత్తిన సరుకు, ఐసు వానికి బాకీ, కూలీలు వాకిట! తన నేరమేమో అడుగుటకు తెలియని రాష్ట్రమునకు తెలియని భాషలో లేఖ వ్రాయవలెను. 2024లో సైబర్ మోసములవలన దేశమున పోయిన సొమ్ము 22,845 కోట్ల రూపాయలని ప్రభుత్వమే లోక్‌సభలో చెప్పెను. దొంగలను పట్టవలసినదే. కాని వల వేయుటకు ముందు, అందు ఏ చేపలు పడునో యెరిగినవాని నొకని సలహా యడుగవలదా? అట్టి నియమములు చర్చించు గదిలో ఈ వర్తకునికి ఒక కుర్చీ వేయవలెను.

కనుక మా కోరికలు నాలుగు. వార్తావాహినులపైన, సైబర్ రక్షణపైన సలహా చెప్పు ప్రతి సంఘమునందును సభ్యుల పేర్లు, వారికి టెలికం కంపెనీలతో గల సంబంధములు ప్రకటింపవలెను. సమీక్షాసంఘములలో విశ్రాంత న్యాయమూర్తియు, విపక్ష సభ్యుడును, వృత్తులవారి ప్రతినిధియు నుండవలెను. తాడేపల్లిగూడెపు నిట్ వంటి విద్యాలయముల యధ్యాపకులును పనికివత్తురు. సలహాలను, సమీక్షా నిర్ణయములను, కార్యరంగ రహస్యములు మాత్రము మినహాయించి, శాసనసభల ముందుంచవలెను. ఈ సంఘములకు చట్టమే పునాది కావలెను.

ఇక మన విధి. 2024 ఆగస్టులో ఇంటర్నెట్టు నిలుపుదల నియమముల ముసాయిదా ప్రకటించి ముప్పది దినములలో ఆక్షేపణలు చెప్పుడనిరి. గెజెట్టు హిందీలోను ఆంగ్లములోను వచ్చినది. తెలుగు రైతు కది తలుపు తెరచినట్లా, మూసినట్లా? ముసాయిదాలను తెలుగున ప్రకటింపుడని మన పార్లమెంటు సభ్యుల నడుగుడు. వారు చేయువరకు వకీళ్ళమును, ఉపాధ్యాయులును ప్రతి పఠనాలయమున వారమున కొకనాడు వానిని చదివి యర్థము చెప్పుదము. ఆక్షేపణలు వ్రాయింతము, చేవ్రాళ్ళు చేయింతము. పదిలక్షల లేఖలు ఒకమారు పోయినవి, మరియొకమారు పోకూడదా?

ప్రజలకు తెలియని సలహా సలహా కాదు. సంతకము లేని శాసనము. గడువు తేదీ ప్రకటింపబడిన దినమున నిద్రించి, ఫోను మూగపోయిన దినమున మేల్కొన్నచో ఎవరిని నిందింతుము?