మూగజీవాలు - మనమూ: 22 ఏళ్ళ గుర్రం మళ్ళీ దారిన పడాలంటే

ఈ శీర్షికకు ఇంతవరకూ కుక్కలూ పిల్లుల గురించే ఉత్తరాలు వచ్చేవి. ఈసారి వర్జీనియా నుంచి ఒక సోదరి గుర్రం గురించి రాశారు. వాళ్ళమ్మాయి మిడిల్ స్కూల్లో స్వారీ నేర్చుకుంటూ ఒక క్వార్టర్ హార్స్‌ని పెంచుకుంది. ఆ అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక, ఏడాదిన్నరగా అది బోర్డింగ్ బార్న్‌లో ఊరికే నిలబడి ఉంది. దాని వయసిప్పుడు 22. "మే నెలలో వస్తాను, ట్రైల్ రైడ్‌కి తీసుకెళ్తాను, ఈలోగా దాన్ని కాస్త ఫిట్‌గా చేయించమ్మా" అని అమ్మాయి ఫోనులో చెప్పిందట. బార్న్‌లో ఎవరో "రోజూ అరగంట పొడుగు తాడు కట్టి గుండ్రంగా పరిగెత్తిస్తే నెల్లో దారికొస్తుంది" అన్నారట. "మాకు గుర్రాల సంగతి తెలియదు, అలా చేయించమంటారా?" అని ఆవిడ ప్రశ్న.

వద్దండి. ముందు ఆ తాడు పక్కన పెట్టించండి.

గుర్రాన్ని కసరత్తులో పెడితే గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొద్ది వారాల్లోనే పుంజుకుంటాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకూ, ఎముకలకూ మాత్రం నెలలు కావాలి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మూడో నాలుగో వారానికి గుర్రం హుషారుగా తల ఎగరేస్తుంది. "చూశారా, కుర్రదానిలా అయిపోయింది" అని మనం వేగం పెంచుతాం. కాళ్ళు ఇంకా సిద్ధమై ఉండవు. పైగా చిన్న వలయంలో తిరిగేటప్పుడు కీళ్ళమీద బరువు సమానంగా పడదు. వయసులో ఉన్న గుర్రం తట్టుకుంటుందేమో గాని, ఈ వయసులో టెండన్ తెగితే మళ్ళీ కోలుకోవడం చాలా కష్టం.

అలాగని ముసలిదాన్ని కదపకూడదని కాదు. నిలబెట్టి ఉంచడమే దానికి ఎక్కువ చెరుపు. కీళ్ళవాతం ఉన్న గుర్రానికి కొట్టంలో కంటే బయలులో తిరిగే గంటలే మందు. ఇంగ్లండులో ఓల్డ్ బిల్లీ అని పడవలు లాగిన గుర్రం ఒకటి 62 ఏళ్ళు బతికి 1822లో పోయిందని రికార్డు ఉంది. అన్నీ అలా బతకవు గాని, 22 అంటే పని అయిపోయిన వయసు కాదు.

మొదలుపెట్టే ముందు వెటర్నేరియన్‌ని పిలిపించండి. పళ్ళు, గిట్టలు, గుండె చూడాలి, ట్రాట్‌లో కుంటుతోందేమో చూడాలి. గడ్డి నమిలి ఉండలుగా ఉమ్మేస్తోందంటే పళ్ళు అరగదీయించాలి. వేసవి వచ్చినా వెంట్రుకలు రాలకుండా ఒత్తుగా ఉండటం, వీపుమీద కండ తగ్గిపోవడం కనిపిస్తే కషింగ్స్ వ్యాధేమోనని అనుమానించి ఏసీటీహెచ్ రక్తపరీక్ష చేయించాలి. ఈ జబ్బు ఉన్నవాటికి గిట్టలోపల వాచే లామినైటిస్ రావచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. 2011లో ఎఫ్‌డీఏ అనుమతించిన పెర్గొలైడ్ మాత్ర ఉంది, రోజూ వేస్తే చాలావాటికి అదుపులో ఉంటుంది. మనవాళ్ళు "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుంది" అంటారు. ముసలి గుర్రం మూడు కాళ్ళమీద నడిస్తే తప్పు రౌతుది కాదు, ఎక్కడో నొప్పి ఉందన్నమాట.

డాక్టరు సరేనంటే మొదటి మూడు వారాలూ నడక మాత్రమే. వారానికి నాలుగైదు రోజులు, రోజుకు 15, 20 నిమిషాలు, చదునైన గట్టి నేలమీద, తిన్నగా, చేత్తో పట్టుకుని నడిపించడం. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ ముప్పావు గంటకు తీసుకురండి. ఆరో వారం నుంచి మధ్యమధ్యలో ఒక్కో నిమిషం ట్రాట్, ఆ తర్వాత నడకతోనే చిన్న చిన్న ఎత్తులు ఎక్కించడం. నా ఉద్దేశంలో ముసలి గుర్రం వీపుకీ పిరుదులకీ ఎత్తు ఎక్కడాన్ని మించిన వ్యాయామం లేదు. సమయం, వేగం, ఎత్తు మూడూ ఒకే వారంలో పెంచకండి, ఒక్కటే పెంచండి. క్యాంటర్ మాటే ఎత్తొద్దు. ట్రైల్ రైడ్‌కి దాని అవసరం లేదు.

ఒక స్టెతస్కోపు కొనుక్కోండి. ఎడమ మోచేయి వెనక పెట్టి 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చించండి. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 దాకా ఉండాలి. పని ఆపిన పది నిమిషాలకు 60 లోపుకు దిగకపోతే ఆ రోజు పని ఎక్కువైనట్టే, మర్నాడు సెలవిచ్చి వెనకటి వారం లెక్కకు వెళ్ళండి. న్యూజెర్సీ రట్గర్స్ విశ్వవిద్యాలయం పరిశోధనల్లో ముసలి గుర్రాల ఒళ్ళు కసరత్తులో చాలా త్వరగా వేడెక్కుతుందని తేలింది. కాబట్టి ఏప్రిల్ దాటాక పొద్దున్నే నడిపించండి.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా! కానీ పని పెరుగుతోందని ధాన్యం గుమ్మరించకండి, ఆ బరువంతా కాళ్ళమీదే పడుతుంది. వెయ్యి పౌన్ల గుర్రానికి రోజుకు 15 నుంచి 20 పౌన్ల ఎండుగడ్డి ఆధారం. పళ్ళు లేకపోతే నానబెట్టిన సీనియర్ ఫీడ్ పెట్టాలి. చలికాలంలో గోరువెచ్చని నీళ్ళు పెట్టండి. చల్లటి నీళ్ళు సరిగా తాగక కడుపునొప్పి వచ్చిన ముసలి గుర్రాలను ఎన్నో చూశాను.

స్వారీ రోజున బ్యూట్ వేసి ఎక్కేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. డాక్టరు చూసి వాతానికి ఇచ్చే మోతాదు వేరు. నొప్పి తెలియకుండా చేసి పని చేయించడం వేరు.

ఉత్తరం చివర ఆవిడ ఇంకో మాట రాశారు: "ఎక్కడానికి పనికిరాదని తేలితే అమ్మాయికి ఎలా చెప్పను?" మే దాకా ఆగకుండా పరీక్ష ఫలితం రాగానే చెప్పండమ్మా. అంతా బాగుంటే మేలో అమ్మాయి గంటసేపు నడకమీద ట్రైల్ తిరిగి రావచ్చు. లేకపోతే పక్కన నడుస్తుంది. ఈ మూడు వారాల నడకకు మాత్రం ఎవరినీ కుదుర్చుకోనక్కర్లేదు, స్వారీ రాకపోయినా మీరే నడిపించవచ్చు. మొదటి రెండుసార్లు బార్న్‌లో ఎవరినైనా తోడుంచుకోండి. గుర్రానికి ఎడమవైపు, భుజం దగ్గర నడవండి. తాడు చేతికి చుట్టుకోకండి. చెప్పులతో వెళ్ళకండి, గట్టి బూట్లు వేసుకోండి.