గర్భం మీద రాసిన చట్టం

అమెరికా వలసల చరిత్ర అనగానే ఓడలెక్కి వచ్చి, అడవులు నరికి, ఆకలిని తట్టుకుని నిలబడ్డ వీరుల కథ చెప్తారు. ఎవరి శ్రమ మీద నిలబడ్డారన్న ప్రశ్న మాత్రం ఆ కథలో ఉండదు.

1607లో ఇంగ్లీషువాళ్లు వర్జీనియాలో జేమ్స్‌టౌన్ స్థాపించారు. మొదటి ఏళ్లలో వాళ్ల ప్రాణాలు నిలిపింది చాలావరకు స్థానిక పౌహతన్ తెగల మొక్కజొన్న. ఆ చేలు సాగుచేసింది స్త్రీలు. ఆ గింజల్ని ఇంగ్లీషువాళ్లు కొన్నిసార్లు కొన్నారు, కొన్నిసార్లు దోచుకున్నారు. తర్వాత పొగాకు తోటల కోసం ఆ నేలనే ఆక్రమించారు.

తోటల్లో పనికి ఇంగ్లండు నుంచి పేద ఆడపిల్లలూ వచ్చారు. ఓడ ఖర్చుకి బదులుగా సాధారణంగా నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ. యజమాని అనుమతి లేకుండా పెళ్లి కూడదు. గర్భం వస్తే గడువు పెరిగేది. 1662 నాటి చట్టం ప్రకారం, యజమాని వల్లే గర్భవతి అయినా, గడువు తీరాక ఆమెను చర్చి అధికారులు మరో రెండేళ్ల చాకిరీకి అమ్మాలి. తప్పు అతనిది, శిక్ష ఆమెది.

ఆఫ్రికన్ స్త్రీల స్థితి ఇంకా ఘోరం. 1643లోనే వాళ్ల మీద తలపన్ను వేశారు. ఇంగ్లీషు స్త్రీలకు అప్పుడది లేదు. అయినా వాళ్లు ఊరుకోలేదు. ఎలిజబెత్ కీ తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లీషువాడు. తండ్రి స్వతంత్రుడు కాబట్టి తానూ స్వతంత్రురాలినేనని ఆమె కోర్టుకెక్కింది. 1656లో గెలిచి, కొడుకునీ విడిపించుకుంది.

ఆరేళ్లలో పాలకులు ఆ దారి మూసేశారు. బిడ్డ బానిసా కాదా అన్నది ఇకపై తల్లి స్థితిని బట్టేనని 1662లోనే ఇంకో చట్టం చేశారు. ఇంటిపేరూ ఆస్తీ తండ్రి నుంచే రావాలన్న సమాజం, బానిసత్వాన్ని మాత్రం తల్లి నుంచి రానిచ్చింది! బానిస స్త్రీపై అత్యాచారం చేసిన యజమానికి శిక్ష లేదు సరికదా, పుట్టిన బిడ్డ అతని ఆస్తి అయింది.

ఒకే ఏడాది, ఒకే శాసనసభ చేసిన చట్టాలివి. రెండూ స్త్రీ గర్భాన్ని లెక్కగట్టినవే. కానీ ఒకరి చాకిరీకి గడువుంది, ఇంకొకరి బానిసత్వం బిడ్డలదాకా పాకింది. స్త్రీలందరి బాధా ఒకటేనని మనం సభల్లో తేలిగ్గా అనేస్తాం. ఆ మాట అనేముందు ఏ చట్టం ఏ స్త్రీ మీద ఎలా పడుతోందో విడివిడిగా అడగాలి. ఐక్యత అక్కడి నుంచే మొదలవుతుంది.