నేర్పాల్సింది తరగతి మొత్తానికి

ఆటిజం ఉన్న పిల్లవాడికి బడిలో స్నేహితులు లేకపోతే ఆ లోపం అతనిదేనని తేల్చేయడం మనకు అలవాటైపోయింది. ‘వీడు ఎవరితోనూ కలవడమ్మా, ఎక్కడైనా చూపించండి’ అని తల్లికి చెప్పి చేతులు దులుపుకొంటాం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చివర, ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకుని ఉన్న చర్ల మండలంలో ఆ తల్లి ఎక్కడ చూపించాలి? భద్రాచలం ఏరియా ఆస్పత్రి సుమారు 60 కిలోమీటర్లు. సికింద్రాబాద్‌లో 1984 నుంచి పనిచేస్తున్న మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీకి వెళ్లాలంటే 300 కిలోమీటర్ల పైమాటే. తునికాకు సేకరణతో, మిరప తోటల కూలితో బతికే కుటుంబం వారం వారం థెరపీకి తిరగలేదు. ఆ బిడ్డకు రోజూ అందుబాటులో ఉన్నది ఊరి బడి, అందులోని తోటి పిల్లలు. స్నేహం అక్కడే మొదలు కావాలి. ఆ బాధ్యత బడిదే.

చట్టం చెబుతున్నదీ ఇదే. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో దానికి చోటు దక్కింది. ఆ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థా వివక్షతో ప్రవేశం నిరాకరించకూడదు. చదువుతోపాటు ఆటల్లో, వినోదంలో మిగతావారితో సమానంగా అవకాశం కల్పించాలి. అంటే ఇంటర్వెల్‌లో ఒక బిడ్డ రోజూ గోడవారగా ఒంటరిగా మిగిలిపోవడం అతని తలరాత కాదు, బడి తీర్చాల్సిన లోటు.

ముందు పిల్లవాణ్ని ‘బాగుచేసి’, ఆ తర్వాత నలుగురిలోకి తేవాలన్న వాదన పరిశోధన ముందు నిలవలేదు. అమెరికాలో కోనీ కసారి బృందం సాధారణ బడుల్లో చదివే 60 మంది ఆటిజం పిల్లలపై చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. కొందరికి పెద్దలు విడిగా కూర్చోబెట్టి మెలకువలు నేర్పారు. మరికొందరి విషయంలో తోటి విద్యార్థులకే శిక్షణ ఇచ్చారు. ఆరు వారాల తర్వాత చూస్తే, తరగతిలోని స్నేహవలయాల్లో ఎక్కువ చోటు దొరికింది తోటివారికి నేర్పిన చోటనే. తనకూ ఆటిజం ఉన్న బ్రిటన్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ అదే ఏడాది మరో మాట చెప్పారు: ఆటిజం ఉన్నవారికి ఇతరులు ఎంత అర్థం కారో, ఇతరులకు వారూ అంతే అర్థం కారు. అడ్డంకి ఇరువైపులా ఉన్నప్పుడు ఒక్క పక్షానికే పాఠాలు చెప్పడం అన్యాయం.

చర్లలో ఈ చిక్కుకు మరో ముడి ఉంది. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు పాఠం. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ కుటుంబాల పిల్లలకు తెలుగు మరీ కొత్త. ఇక్కడ తరగతిలో మాట్లాడని బిడ్డ విషయంలో రెండు రకాలుగా పొరబడవచ్చు. భాష రాని పిల్లను మందబుద్ధి అనుకోవచ్చు. ఆటిజం ఉన్న పిల్లను ‘తెలుగు వస్తే అదే సర్దుకుంటుంది’ అని ఏళ్లతరబడి వదిలేయవచ్చు. పేరు పిలిస్తే తిరుగుతున్నాడా, కావలసినదాన్ని వేలితో చూపిస్తున్నాడా, నచ్చిన వస్తువును తెచ్చి అమ్మకు చూపి మురుస్తున్నాడా అన్నవి ఏ భాషలోనైనా గమనించగల విషయాలు. వాటిని తల్లిని ఆమె మాటలోనే అడిగి తెలుసుకోవాలి. గూడేనికి వెళ్లే అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు, పిల్లల ఆరోగ్య తనిఖీకి బడులు తిరిగే ఆర్‌బీఎస్‌కే బృందానికి ఈ శిక్షణ ఇవ్వాలి.

తరగతిలో చేయాల్సిందీ బ్రహ్మవిద్య కాదు. అరుపులు, ఒంటి మీద పడటాలు భరించలేని బిడ్డను కబడ్డీలోకి లాగితే ఆటంటేనే బెదురుతాడు. అష్టాచెమ్మా, వామనగుంటలు అలా కావు: నియమం స్పష్టం, వంతు ఎవరిదో స్పష్టం, మాట్లాడాల్సింది తక్కువ, ఎదుటివారి కళ్లలోకి చూడాల్సిన పని లేదు. ముగ్గురు నలుగురు పిల్లలను ఎంచుకుని ఆ బిడ్డతో ఇలాంటి ఆటల్లో రోజుకు పావుగంట గడపనివ్వాలి. ‘వాడు జవాబివ్వడానికి కాస్త సమయం తీసుకుంటాడు’, ‘చెవులు మూసుకుంటే శబ్దం ఎక్కువైందని’, ‘పక్కన కూర్చుని తన ఆట తను ఆడుకుంటున్నా మీతో ఉన్నట్టే’ అని వారికి ముందే చెప్పాలి. ఆ బిడ్డకు రాళ్లంటే ఇష్టమైతే రాళ్లతోనే ఆట మొదలుపెట్టాలి. ఎంచుకున్న తోటి పిల్లలను కాపలాదారులుగా మార్చకూడదు. మొక్కుబడి సాయం స్నేహమనిపించుకోదు. వెక్కిరింపును మాత్రం మొదటి రోజే ఆపాలి.

అక్షరాలే సరిగా రాని చోట స్నేహాల గొడవేమిటని అడిగేవారున్నారు. తోటివారి వెక్కిరింతకు భయపడి బడి మానేసిన పిల్లకు అక్షరం మాత్రం ఎలా వస్తుంది? వాడికి ఒంటరితనమే ఇష్టమని మరికొందరు అంటారు. విశ్రాంతి కోసం కాసేపు ఒంటరిగా ఉండటాన్ని గౌరవించాల్సిందే. కానీ పిలిచేవారు ఒక్కరూ లేనప్పుడు ఒంటరితనం ఇష్టమెలా అవుతుంది?

ప్రభుత్వం చేయాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మందికి, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోస్టులు మంజూరు చేసి నోటిఫై చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. ఈ నియామకాల్లో చర్ల, దుమ్ముగూడెం వంటి సరిహద్దు మండలాలకు తొలి వరుసలో చోటివ్వాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు ఆటిజం పిల్లలను విడిగా కూర్చోబెట్టే గదులుగా మిగలకూడదు. అక్కడి రిసోర్స్ పర్సన్లు ఊరి బడులకు వెళ్లి తరగతి మొత్తానికి నేర్పాలి. కోయ తెలిసిన స్థానిక యువతను ఈ పనికి తీసుకోవాలి. వైకల్య నిర్ధారణ శిబిరాల్లో ఆటిజం నిర్ధారణ చేయగల నిపుణులు భద్రాచలంలోనే అందుబాటులో ఉండాలి. పిల్లలు పగలూ రాత్రీ కలిసి గడిపే ఆశ్రమ పాఠశాలల్లో ఒంటరితనమూ రెండింతలే, స్నేహానికి అవకాశమూ రెండింతలే. అందుకే అక్కడి వార్డెన్లకు శిక్షణ తప్పనిసరి చేయాల్సింది గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ.

వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. జూన్‌లో బడిబాట పేరిట ఇంటింటికీ వెళ్లే ఉపాధ్యాయులు ఆటిజం ఉన్న బిడ్డ తలుపూ తట్టాలి, ఆ బిడ్డ కోసం తరగతిని ముందే సిద్ధం చేయాలి. ఎంతమందిని చేర్చుకున్నారన్న లెక్కతో విద్యాశాఖ తృప్తిపడకూడదు. చేరిన ప్రతి బిడ్డకూ కనీసం ఒక్క స్నేహితుడైనా ఉన్నాడా అని ప్రతి ప్రధానోపాధ్యాయుణ్నీ అడగాలి, జవాబు రాబట్టాలి.