మూలాలు సరే, మన జబ్బుల మాటేమిటి?

డేవిడ్ రైక్ 2018లో వెలువరించిన 'హూ వీ ఆర్ అండ్ హౌ వీ గాట్ హియర్' పుస్తకాన్ని మన తెలుగువారు చదువుతున్న తీరు చూస్తే చిరాకు కలుగుతుంది. ఆర్యులు బయటినుంచి వచ్చారా, ఇక్కడివారేనా అన్న ఒక్క తగువు కోసమే భారతదేశం మీది అధ్యాయాన్ని తిరగేస్తున్నాం. ఎవరి పక్షానికి పనికొచ్చే వాక్యం వారు ఏరుకుని పుస్తకం మూసేస్తున్నాం. అదే అధ్యాయంలో మన ఆసుపత్రి మంచాలకు సంబంధించిన పేజీలున్నాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తరు.

ఆ పేజీల్లో ఆంధ్రదేశపు వైశ్యుల ప్రస్తావన వస్తుంది. రెండు మూడు వేల ఏళ్ళ కిందట కొద్దిమందితో మొదలై, బయటి సంబంధాలు దాదాపు లేకుండా లక్షలుగా విస్తరించిన సమూహమది. అలాంటి చోట ఒక పూర్వికునిలోని అరుదైన జన్యులోపం వారసుల్లో తరచుగా కనిపిస్తుంది. బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపించినవారికి శస్త్రచికిత్సకు ముందు సక్సినైల్ కోలిన్ ఇస్తే, నిమిషాల్లో తిరిగి రావలసిన కండరాల బలం గంటలు గడిచినా రాదు. అంతసేపూ రోగి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. రైక్, హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ తదితరులు 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు ఫిన్లాండు ప్రజలకన్నా, అష్కనాజీ యూదులకన్నా ఇరుకైన దారిగుండా వచ్చాయని తేల్చారు.

ఇంతవరకు నాకు రైక్‌తో పేచీ లేదు. ఆయన మాట్లాడింది ఒక జన్యువు దెబ్బతింటే వచ్చే జబ్బుల గురించి. నా పేచీ ఆ తర్కాన్నే మధుమేహానికీ గుండెజబ్బుకీ సాగదీసి, "షుగర్ మన రక్తంలోనే ఉందండీ" అని చేతులు దులుపుకునేవారితో. ఈ జబ్బుల్లో వందలాది జన్యువులు తలా ఇసుమంత పాత్ర వహిస్తాయి. వాటికి తిండి, శ్రమ, నిద్ర, తల్లి కడుపులో గడచిన నెలలు తోడవుతాయి. ఈ చిక్కుముడిని విప్పడానికే జన్యుక్రమంతోపాటు ఆర్‌ఎన్‌ఏను, ప్రొటీన్లను, జీవక్రియలో పుట్టే చిన్న అణువులను, పేగుల్లోని సూక్ష్మజీవులను కలిపి కొలిచి, కంప్యూటరు గణనతో పొందుపరిచే మల్టీ ఓమిక్స్ పద్ధతి పుట్టింది. జన్యుక్రమం పుట్టుకతో వచ్చిన రాత. తక్కిన పొరల్లో బతుకు రాసిన రాత కూడా ఉంటుంది.

అయితే ఎవరి బతుకు? 2019లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం జన్యుసంబంధ అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో సుమారు 79 శాతం ఐరోపా సంతతివారే. వారి దత్తాంశంతో తయారైన అంచనాల ఖచ్చితత్వం దక్షిణాసియావారి దగ్గరకు వచ్చేసరికి మూడోవంతుకు మించి పడిపోయింది. '1000 జీనోమ్స్' ప్రాజెక్టు 2015లో ప్రకటించిన 26 జనసమూహాల్లో తెలుగువారూ ఒకరని మనం మురిసిపోవచ్చు. ఆ తెలుగువారు బ్రిటన్‌లో ఉంటున్న 102 మంది. వారికి ఏ జబ్బులున్నాయో, ఏం తిని పెరిగారో అక్కడ నమోదే కాలేదు. ప్రపంచ గ్రంథాలయంలో మన పేరుతో ఒక అర ఉంది. అందులో మన రోగచరిత్ర లేదు.

"ప్రొటీను ఎక్కడైనా ప్రొటీనే, దత్తాంశం పెరిగితే నిజం అదే బయటపడుతుంది" అని వాదించే మిత్రులున్నారు. వారికి నేనుంటున్న ఐర్లండునే చూపిస్తాను. ఒంట్లో ఇనుము పేరుకుపోయే హీమోక్రోమటోసిస్‌కు దారితీసే జన్యుమార్పు ఇక్కడ 83 మందిలో ఒకరికి తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమిస్తుంది. అందుకే ఇక్కడ అత్లోన్‌లో ఎవరైనా తీరని అలసటతో, కీళ్ళనొప్పులతో వస్తే ఐరన్ పరీక్ష సంగతి వైద్యునికి వెంటనే స్ఫురిస్తుంది. తమ జనాన్ని తాము చదువుకున్న ఫలమిది. అయినా ఆ మార్పు ఉన్నవారందరూ జబ్బు పడరు. మద్యం అలవాటు, స్త్రీలలో నెలసరి వంటివి ఫలితాన్ని మార్చేస్తాయి. ఒక్క జన్యువు కథే ఇలా ఉంటే, వందల జన్యువుల జబ్బును ముందే రాసిపెట్టిన తలరాత అనడం ఏ శాస్త్రం?

దీనికి గట్టి జవాబు మన పల్లెల్లోనే ఉంది. 1987-90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక పోషకాహార ప్రయోగం జరిగింది. వాటిలో 15 పల్లెల గర్భిణులకూ పిల్లలకూ అదనపు ఆహారంగా ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక పరీక్షిస్తే, ఉప్మా అందని పల్లెల పిల్లలతో పోల్చినప్పుడు వారిలో ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువగా ఉంది. రక్తనాళాల బిరుసుదనమూ తగ్గింది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలను ప్రచురించింది. ఇరుపక్కల పల్లెలూ ఆ ప్రాంతానివే. తేడా తెచ్చింది ఒక గిన్నెడు ఉప్మా. ఆ గిన్నె లెక్క రాసుకోని దత్తాంశం ఎన్ని కోట్ల అంకెలున్నా మూగదే.

జీనోమ్ ఇండియా 10,000 మంది జన్యుక్రమాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. మంచి పునాది. దాని మీద కట్టవలసింది మరో కులచిట్టా కాదు. సంబంధాలు కుదిర్చేవారికీ బీమా కంపెనీలకీ అలాంటి చిట్టా ఎలా ఉపయోగపడుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. ఆ 29 పల్లెల్లాంటి చోట్ల, మనుషుల అనుమతితో, వారి తిండినీ పనినీ తల్లుల ఆరోగ్యాన్నీ నమోదు చేస్తూ, దశాబ్దాల పాటు అదే రక్తాన్ని మళ్ళీ మళ్ళీ చదివే అధ్యయనాలు కావాలి. వాటికి డబ్బూ ఓపికా కావాలి. వాటిని అడిగే పాఠకులు అంతకన్నా ముందు కావాలి. రైక్ పుస్తకం మీ అలమరలో ఉంటే, మూలాల తగువు కాసేపు పక్కనపెట్టి ఆ పేజీలు మళ్ళీ తెరవండి.