వదులైన ఒక్క తీగ – కూలిన వంతెన
ఓడల్లో కరెంటు పరికరాలను ఎంతవరకు నమ్మవచ్చు?

శ్రీకాకుళం : ఓడ ఉద్యోగాలకు వెళ్లిన యువకులున్న గ్రామాలు జిల్లా తీరం వెంట అనేకం. అమెరికాలో జరిగిన ఒక ఓడ ప్రమాదంపై 2025 నవంబరులో వెలువడిన దర్యాప్తు ఫలితాలు ఆ కుటుంబాలు తెలుసుకోదగ్గవి.

2024 మార్చి 26 అర్ధరాత్రి దాటాక ‘డాలి’ అనే సింగపూర్ సరకు ఓడ బాల్టిమోర్ రేవు నుంచి శ్రీలంకకు బయలుదేరింది. పొడవు సుమారు 300 మీటర్లు. సిబ్బంది 21 మందిలో 20 మంది భారతీయులే. 1 గంట 25 నిమిషాలకు ఓడలో కరెంటు పోయింది. పంపులు ఆగడంతో ప్రధాన ఇంజనూ ఆగింది. కరెంటు వచ్చి మళ్లీ పోయింది. నాలుగు నిమిషాల్లో ఓడ వెళ్లి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని ఢీకొంది. వంతెనపై రాత్రిపూట గుంతలు పూడుస్తున్న ఆరుగురు కూలీలు మరణించారు. పొట్టకూటికి పరాయి దేశాల నుంచి వచ్చినవారే అందరూ. ఓడ పైలట్ల హెచ్చరికతో పోలీసులు వాహనాలను ఆపివేయడం వల్ల మరిన్ని ప్రాణాలు దక్కాయి.

కారణం స్విచ్‌బోర్డులోని సన్నని తీగ అని అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది. గుర్తు కోసం తీగకు తొడిగిన పట్టీ అడ్డుపడి, దాని కొస టెర్మినల్‌లోకి పూర్తిగా దిగలేదు. పైకి బిగిసినట్లే కనిపించింది. మోటారు స్టార్టరులో వైరు వదులైతే ఏమవుతుందో రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

మొదటిసారి కరెంటు పోవడం దురదృష్టమనుకున్నా, రెండోసారి పోవడాన్ని అలా సరిపెట్టుకోలేము. జనరేటర్లకు నూనె అందించడానికి అసలు పంపులకు బదులు గొట్టాలు కడిగే పంపును వాడుతున్నారు. కరెంటు పోయి వస్తే అది దానంతట అది తిరగదు. మనిషి వెళ్లి వేయాలి. నూనె అందక జనరేటర్లు ఆగాయి. బయలుదేరే ముందురోజు రేవులోనే రెండుసార్లు కరెంటు పోయిన ఓడ ఇది.

ఓడ సర్టిఫికెట్లన్నీ చెల్లుబాటులో ఉన్నాయని సింగపూర్ అధికారులు అప్పట్లో ప్రకటించారు. అది నిజమే కావచ్చు. కాని తీగ కొస లోపలికి దిగిందో లేదో సర్టిఫికెట్టు చెప్పదు. వేడిని పసిగట్టే కెమెరాతో తరచు తనిఖీ చేస్తే ఇటువంటి లోపం బయటపడేదని బోర్డు అభిప్రాయం. పెద్ద ఓడల్లో తీగ కొసలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిని చూసుకోవలసిన ఎలక్ట్రికల్ ఆఫీసరు చాలా ఓడల్లో ఒక్కరే.