‘డిస్అగ్రీ’ అంటే సరిపోతుందా?

మా సంఘం సమాధుల తోటలో దళిత కుటుంబాలకు ఇప్పటికీ ఒక మూల విడిగా ఉంది. ఆ పద్ధతి మానెయ్యాలని మా యువజనులు సంఘ కమిటీకి ఉత్తరం రాశారు. కమిటీలో తమిళులూ తెలుగువాళ్లూ ఉంటారు గనుక ఇంగ్లీషులో రాశారు. అందులో అసలు మాట ‘డిస్అగ్రీ’. జవాబు త్వరగానే వచ్చింది: మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం, మా అభిప్రాయం వేరు. అంతటితో సరి.

కమిటీని అనేముందు మనం వాడిన మాటను చూసుకోవాలి. డిస్అగ్రీ అంటే ఇద్దరి అభిప్రాయాలు కలవలేదని మాత్రమే. ఆరాధన ఎనిమిదింటికా, తొమ్మిదింటికా అన్నచోట ఆ మాట చాలు. చనిపోయిన మనిషికి కులం చూసి గొయ్యి తవ్వడం అభిప్రాయభేదం కాదు.

డిస్అప్రూవ్ ఇంకో మెట్టు పైది: ఇది మంచిది కాదు, మాకు సమ్మతం కాదు అని. అయినా ఆపమని అడగదు. ఆబ్జెక్ట్ అంటే అభ్యంతరం చెప్పడం, మినిట్స్‌లో రాయించదగిన మాట. క్రిటిసైజ్ అంటే లోపం ఎక్కడుందో చూపి విమర్శించడం. కారణాలు చెప్పక తప్పదు. రిగ్రెట్ అంటే విచారం. మన తప్పుకు చెబితే అది నిజాయితీ. ఎదుట జరుగుతున్న అన్యాయానికి అదొక్కటే చెబితే తప్పించుకోవడం. ఇక కండెమ్. పాత బస్సును కండెమ్ చేశారంటే అది మళ్లీ రోడ్డెక్కదు. అలాగే, ఈ పనికి ఏ సమర్థనా లేదని తేల్చి చెప్పే మాట అది.

1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలు నల్లవారి నిరసనలను తప్పుపడుతూ ప్రకటన ఇచ్చారు. అక్కడి జైల్లో ఉన్న మార్టిన్ లూథర్ కింగ్ వారికి జవాబు రాశారు. నిరసనల గురించి బాధపడ్డ మీరు, వాటికి కారణమైన పరిస్థితుల గురించి అంత బాధ చూపలేదేమని అడిగారు. మాట ఎంత గట్టిదన్నదే కాదు, దేనిమీద వాడామన్నదీ ముఖ్యమే.

పెద్దలతో అంత గట్టిగా మాట్లాడవచ్చా అని కొందరు అడుగుతారు. మనం ఖండించేది పనిని, మనుషులను కాదు. యోహాను 8వ అధ్యాయంలో ఇంగ్లీషు బైబిల్ కండెమ్ అన్నచోట మన తెలుగు బైబిల్ శిక్ష విధించడం అంటుంది. మనిషికి శిక్ష విధించే పని మనది కాదు. అలాగని ప్రతి చిన్నదానికీ ఖండన ప్రకటన ఇస్తే, అవసరమైన రోజున ఆ మాటకు బలం ఉండదు.

మన రాజ్యాంగం ఈ విషయంలో మాట నమలలేదు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, ఏ రూపంలోనూ పాటించరాదని నిషేధించింది. అంత స్పష్టంగా చట్టం చెప్పినదాన్ని సంఘంలో అభిప్రాయం స్థాయికి దించితే ఎలా?

మా యువజనులు ఉత్తరం మళ్లీ రాస్తున్నారు. విడిగా మూల కేటాయించడానికి ఆబ్జెక్ట్ చేస్తున్నాం. కులవివక్షను కండెమ్ చేస్తున్నాం. రిగ్రెట్ అన్న మాట కూడా ఉంటుంది, ఇన్నేళ్లూ మాట్లాడకుండా ఊరుకున్నందుకు. అది మా గురించి.